బ్యాంకు, కార్డు బోనస్‌లను రిటైర్మెంట్ ఖాతా దాకా చేర్చడం ఎలా: అమెరికాలోని తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళ ఇంటికి భోజనానికి వెళ్ళినా, చేతులు కడుక్కున్నాక మాటలు రెండింటి మీదికి మళ్ళుతాయి. ఒకటి గ్రీన్ కార్డు డేట్లు, రెండోది క్రెడిట్ కార్డు పాయింట్లు. ఫలానా కార్డు తీసుకుంటే 600 డాలర్లు వచ్చాయని ఒకరంటారు. ఫలానా బ్యాంకులో జీతం వేయించుకుంటే 300 ఇచ్చారని ఇంకొకరు. "మరి ఆ 300 ఏమయ్యాయి?" అని అడిగి చూడండి. ఎవరికీ గుర్తుండదు. కాస్ట్‌కో బిల్లులోనో, పిల్లల స్విమ్మింగ్ ఫీజులోనో కలిసిపోయి ఉంటాయి.

మా ఇంట్లోనూ మొదటి రెండేళ్ళు ఇదే జరిగింది. ఏడాదికి వెయ్యికి పైగా వచ్చింది, ఒక్క డాలరు మిగల్లేదు. బోనస్ రాబట్టడం పెద్ద విద్యేం కాదు. వచ్చిన డబ్బు చెకింగ్ ఖాతాలో కరిగిపోకుండా రిటైర్మెంట్ ఖాతాలోకి వెళ్ళేలా చూడటం దగ్గరే అందరం జారిపోతాం. అందుకే ఈ వ్యాసంలో ఆ రెండో పనికే ఎక్కువ చోటిచ్చాను.

ఎంత వస్తుంది, నిజంగా?

ఆశలు పెంచుకునే ముందు లెక్క చూద్దాం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, టెక్సస్‌లో ఉంటున్నారు, ఫెడరల్ పన్ను 22 శాతం శ్లాబులో ఉన్నారు అనుకుందాం. ఏడాదిలో ఇద్దరూ కలిపి 300 డాలర్ల చొప్పున మూడు చెకింగ్ బోనస్‌లు తీసుకున్నారు. మొత్తం 900, పన్ను పోగా 702. ఫీజు లేని కార్డు ఒకదానిమీద 200. ఏడాదికి 95 డాలర్ల ఫీజున్న కార్డు మీద 600, ఫీజు పోగా 505. అన్నీ కలిపితే 1,407.

ఏటా 1,400 చొప్పున 20 ఏళ్ళు వేస్తూ పోయి, సగటున 6 శాతం వృద్ధి వచ్చిందనుకుంటే 51,500 డాలర్ల దాకా అవుతుంది. మీరు వేసింది 28,000. 6 శాతమన్నది నా అంచనా, మార్కెట్ ఎవరికీ మాటివ్వదు. 20 ఏళ్ళూ బోనస్‌లు ఇలాగే దొరుకుతాయన్న నమ్మకమూ లేదు. చన్నీళ్ళకు వేన్నీళ్ళు తోడు అన్నట్టు దీన్ని చూడండి. కంపెనీ ద్వారా జీతంలోంచి దాచుకునే రిటైర్మెంట్ ఖాతా, అంటే 401(కె), మానేసి దీని వెంట పడితే మాత్రం తెలివితక్కువ పని.

మీకు ఇది వద్దు, ఈ కిందివాటిలో ఏదున్నా

కార్డు మీద పోయిన నెల బాకీ ఇంకా ఉంటే ఇక్కడితో ఆపండి. కార్డు వడ్డీ ఏడాదికి 20 శాతం పైమాటే. 200 డాలర్ల బోనస్‌ను ఆ వడ్డీ కొన్ని నెలల్లో మింగేస్తుంది. ముందు బాకీ తీర్చాలి.

వచ్చే ఏడాదిలోపు ఇల్లు కొనే ఆలోచన ఉంటే కొత్త కార్డుల జోలికి వెళ్ళకండి. ప్రతి దరఖాస్తుకూ క్రెడిట్ రిపోర్టులో ఒక విచారణ నమోదవుతుంది, అది రెండేళ్ళు కనిపిస్తుంది. దాని వల్ల స్కోరు పడేది కాస్తే అయినా, మార్టిగేజ్ వాళ్ళు ప్రతి కొత్త ఖాతాకూ సంజాయిషీ ఉత్తరం అడుగుతారు. వడ్డీలో పావు శాతం తేడా వచ్చినా 30 ఏళ్ళ అప్పు మీద అది మీ ఆ ఏడాది బోనస్‌లన్నిటినీ మించిపోతుంది. బ్యాంకు ఖాతాలు చాలావరకు ఈ రిపోర్టుకు ఎక్కవు గానీ, డౌన్ పేమెంట్ డబ్బు నాలుగు బ్యాంకుల్లో తిరుగుతూ ఉంటే వాళ్ళకు స్టేట్‌మెంట్లు ఇవ్వలేక చస్తారు.

అమెరికా వచ్చి ఏడాది కూడా కాకపోతే ఒక్క కార్డు పెట్టుకుని బిల్లు టైముకు కడుతూ క్రెడిట్ చరిత్ర పెంచుకోండి. ఫైకో అనే క్రెడిట్ స్కోరులో 35 శాతం బరువు టైముకు కట్టడానిదే.

మొదటి అడుగు: కంపెనీ మ్యాచ్ వదిలేశారేమో చూసుకోండి

మీ కంపెనీ 401(కె)లో మీరు వేసినదానికి తనూ కొంత జత చేస్తుంటే, ఆ మ్యాచ్ పూర్తిగా అందేంత మీరు వేస్తున్నారా? లేకపోతే బ్యాంకు బోనస్ వేటకు అర్థం లేదు. మీరు డాలరు వేస్తే కంపెనీ అర డాలరు వేస్తుందంటే అక్కడికక్కడే 50 శాతం లాభం. ఏ బ్యాంకూ అంత ఇవ్వదు.

ఇక్కడో చిన్న కిటుకు. బోనస్ డబ్బును నేరుగా 401(కె)లో వేయలేం, అందులోకి జీతం నుంచి కోసిన డబ్బే వెళ్తుంది. కానీ జీతంలో కోతను నెలకు 100 డాలర్లు పెంచి, ఆ లోటును వచ్చిన బోనస్‌తో పూడ్చుకోవచ్చు. డబ్బుకు పేరుండదు కదా. 2026లో ఉద్యోగి జీతం నుంచి 401(కె)లో వేయగల పరిమితి 24,500 డాలర్లు.

రెండో అడుగు: ఒక షీటు తెరవండి

బోనస్ పోగొట్టుకునేవాళ్ళలో ఎక్కువమంది తేదీలు మరిచిపోయే పోగొట్టుకుంటారు. గూగుల్ షీట్ అయినా, గోడకు అంటించిన కాగితమైనా సరే, ఈ గడులు ఉండాలి: ఎవరి పేరు మీద, బ్యాంకు పేరు, తెరిచిన తేదీ, షరతు ఏమిటి, షరతుకు ఆఖరి తేదీ, నెలవారీ ఫీజు ఎంత, అది పడకుండా ఏం చేయాలి, బోనస్ పడిన తేదీ, ఎప్పటిదాకా మూయకూడదు, మూసిన తేదీ. చివరి గడి మాత్రం మరిచిపోకండి: "ఐఆర్‌ఏకి పంపిన తేదీ." ఐఆర్‌ఏ అంటే కంపెనీతో పని లేకుండా మీరే తెరుచుకునే రిటైర్మెంట్ ఖాతా. ఆ గడి ఖాళీగా ఉన్నంతకాలం ఆ బోనస్ మీకు రానట్టే లెక్క.

ఆఫర్ పేజీని ఖాతా తెరిచిన రోజే పీడీఎఫ్‌గా దాచుకోండి. షరతుల చిన్న అక్షరాలతో సహా. మూడు నెలల తర్వాత ఆ పేజీ వెబ్‌సైట్లో ఉండదు.

మూడో అడుగు: చెకింగ్ ఖాతా బోనస్

బ్యాంకుకు మీ జీతం కావాలి. జీతం పడే ఖాతాను మనుషులు అంత తేలిగ్గా మార్చరని వాళ్ళకు తెలుసు. అందుకే 200 నుంచి 400 డాలర్ల దాకా ఇచ్చి మరీ పిలుస్తారు. షరతు దాదాపు ఎక్కడైనా ఒకటే: కొత్త చెకింగ్ ఖాతా తెరిచి, 90 రోజుల్లోపు "డైరెక్ట్ డిపాజిట్" రప్పించాలి. కొన్ని బ్యాంకులకు ఎంత పడినా చాలు. కొన్నిటికి 1,000 కావాలి, కొన్నిటికి నెలకు ఇంత చొప్పున వరసగా పడాలి.

డైరెక్ట్ డిపాజిట్ అంటే కంపెనీ వేసే జీతం, పెన్షన్, ప్రభుత్వం వేసే సొమ్ము. అంతే. నేను బోల్తా పడింది ఇక్కడే. మొదటిసారి ఒక ప్రాంతీయ బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు, హెచ్‌ఆర్ పోర్టల్‌లో మార్పులు చేయడానికి బద్ధకించి, మా పాత బ్యాంకు నుంచి 2,000 ట్రాన్స్‌ఫర్ చేశాను. "ఎలక్ట్రానిక్‌గానే కదా పడింది" అని ధీమా. వంద రోజులు గడిచాయి, బోనస్ రాలేదు. ఫోన్ చేస్తే అది డైరెక్ట్ డిపాజిట్ కింద రాదన్నారు. గడువు దాటింది కాబట్టి ఇప్పుడు జీతం వేయించినా లాభం లేదన్నారు. పైగా మినిమం బ్యాలెన్స్ లేదని మూడు నెలలూ ఫీజు కోశారు. 300 రావాల్సిన చోట నా చేతి చమురే వదిలింది. షరతుల కాగితంలో అంతా రాసే ఉంది, నేను చదవలేదు. ట్రాన్స్‌ఫర్‌ను కూడా కొన్ని బ్యాంకుల కంప్యూటర్లు జీతంగా పొరబడతాయని విన్నవాళ్ళు ఉంటారు. దాన్ని నమ్ముకోకండి, జీతాన్నే పంపండి.

జీతాన్ని పంపడం ఎలాగో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది ఈ మెట్టు దగ్గరే భయపడి వెనక్కి తగ్గుతారు. పేరోల్ పోర్టల్‌లోకి వెళ్ళి డైరెక్ట్ డిపాజిట్ పేజీ తెరవండి. ఇప్పుడున్న ఖాతాను తీసేయొద్దు. "ఖాతా జోడించు" నొక్కి, కొత్త బ్యాంకు రౌటింగ్ నంబరు, ఖాతా నంబరు ఎక్కించండి. రకం దగ్గర "చెకింగ్" ఎంచుకోండి, తొందరలో "సేవింగ్స్" నొక్కితే జీతం తిరుగుటపాలో వెనక్కెళ్ళొచ్చు. తర్వాత ఎంత అన్న దగ్గర నిర్ణీత మొత్తం ఎంచుకుని 500 అని రాయండి. మిగతాదంతా వెళ్ళాల్సిన ఖాతాగా పాతదాన్నే ఉంచండి. ఇలా చేస్తే మార్టిగేజ్, కరెంటు బిల్లు, కారు లోను ఆటోపేలు ఏవీ కదలవు. మార్పు తర్వాతి జీతానికే పట్టొచ్చు, ఆ పై జీతానికి పట్టొచ్చు. కాబట్టి ఖాతా తెరిచిన వారంలోనే ఈ పని ముగించాలి. 80వ రోజున గుర్తొస్తే పని జరగదు.

కంపెనీ రెండు ఖాతాలకు మించి ఒప్పుకోకపోతే, ఒకసారికి ఒకే బోనస్ పెట్టుకోండి.

నెలవారీ ఫీజు సంగతి. పెద్ద బ్యాంకుల మామూలు చెకింగ్ ఖాతాలకు ఫీజు నెలకు 12, 15 డాలర్ల చొప్పున ఉంటుంది. నెలకు 500 డాలర్లు జీతం పడుతున్నా, రోజూ 1,500 నిల్వ ఉన్నా మాఫీ చేస్తుంటారు. పైన 500 రాయమన్నది అందుకే, ఒకే దెబ్బకు రెండు పిట్టలు. మీ బ్యాంకు షరతు వేరేగా ఉంటే ఆ అంకె మార్చుకోండి.

బోనస్ పడగానే ఖాతా మూసేయొద్దు. ఆరు నెలల్లోపు మూస్తే ఇచ్చిన బోనస్ వెనక్కి లాక్కునే బ్యాంకులు చాలా ఉన్నాయి, చేస్ వాటిలో ఒకటి. అదే చేస్‌లో ఒకసారి చెకింగ్ బోనస్ తీసుకుంటే మళ్ళీ రెండేళ్ళ దాకా ఇవ్వరు. నేను షీటులో ఆరు నెలలకు ఇంకో రెండు వారాలు కలిపి రాసుకుంటాను.

ఏడాదికి ఎన్ని తెరవొచ్చు? చట్టం ఆపదు. కానీ చాలా బ్యాంకులు కొత్త ఖాతాదారుల గురించి విచారించే చెక్స్‌సిస్టమ్స్ అనే సంస్థ ఉంది. మీరు తెరిచిన ఖాతాలు, చేసుకున్న దరఖాస్తులు అక్కడ కనిపిస్తాయి. బాకీ పెట్టి మూసిన ఖాతా మచ్చ అయిదేళ్ళ దాకా ఉంటుంది. నెలకొక ఖాతా తెరిచేవాళ్ళను చూసి కొన్ని బ్యాంకులు తలుపు వేసేస్తాయి. మనిషికి ఏడాదికి రెండు, మహా అయితే మూడు. నేను అంతకు మించను. మీ రిపోర్టును చెక్స్‌సిస్టమ్స్ నుంచి 12 నెలలకోసారి ఉచితంగా తెప్పించుకోవచ్చు. క్రెడిట్ యూనియన్లలో (సహకార బ్యాంకుల లాంటివి) కొన్ని చెకింగ్ ఖాతాకు కూడా క్రెడిట్ రిపోర్టు లాగుతాయి, దరఖాస్తుకు ముందే అడగండి. బ్యాంకులో ఎఫ్‌డీఐసీ, క్రెడిట్ యూనియన్‌లో ఎన్‌సీయూఏ బీమా 2,50,000 డాలర్ల దాకా ఉందో లేదో చూసుకోవడం మరవకండి. యాప్ అందంగా ఉన్నంత మాత్రాన అది బ్యాంకు అయిపోదు.

సేవింగ్స్ బోనస్: ఆశపడే ముందు గుణించండి

"15,000 డాలర్లు 90 రోజులు ఉంచండి, 200 ఇస్తాం" అంటారు. వినడానికి బాగుంటుంది. ఆ ఖాతాలో వడ్డీ 0.01 శాతం. అదే డబ్బు 4 శాతం ఇచ్చే ఆన్‌లైన్ సేవింగ్స్‌లో ఉంటే 90 రోజులకు 148 డాలర్లు వచ్చేవి. అంటే బ్యాంకు మీకు అదనంగా ఇచ్చింది 52 డాలర్లు, అందులోనూ పన్ను. ఆ 52 కోసం అత్యవసరానికి దాచిన డబ్బును మూడు నెలలు కదలకుండా కట్టేయాలా? నేనైతే వదిలేస్తాను. ఒకవేళ వడ్డీ రేట్లు బాగా పడిపోయి మీ ఆన్‌లైన్ ఖాతా 1 శాతమే ఇస్తుంటే అప్పుడు లెక్క మారుతుంది. ఆ 15,000కి 37 డాలర్లే పోతాయి.

నాలుగో అడుగు: కార్డు బోనస్

కార్డు కంపెనీల షరతు ఖర్చు. చేస్ ఫ్రీడమ్ అన్‌లిమిటెడ్, వెల్స్ ఫార్గో యాక్టివ్ క్యాష్ లాంటి ఫీజు లేని కార్డుల మీద సాధారణంగా మూడు నెలల్లో 500 ఖర్చు పెడితే 200 ఇస్తుంటారు. ఫీజున్న కార్డులకు మూడు నెలల్లో 4,000, 5,000 ఖర్చు పెట్టమంటారు. చేస్ లాంటి చోట 60,000 పాయింట్లంటే నగదుగా మార్చుకుంటే 600 డాలర్లు. పాయింట్లను విమాన టికెట్లకు వాడితే ఇంకా విలువొస్తుందన్నది నిజమే. కానీ రిటైర్మెంట్ ఖాతాలో పాయింట్లు వేయలేరు. మన లెక్కకు నగదే ప్రమాణం.

అసలు ప్రశ్న 5,000 ఎక్కడినుంచి తేవాలన్నది. ఎలాగూ పెట్టాల్సిన ఖర్చుకు కార్డును జత చేయాలే తప్ప కార్డు కోసం ఖర్చు పుట్టించకూడదు. మన ఇళ్ళలో ఏడాదికోసారి పెద్ద ఖర్చులు రాసిపెట్టినట్టు వస్తాయి. వేసవిలో హైదరాబాద్ టికెట్లు, నలుగురికీ కలిపితే చాలు, షరతు అక్కడికక్కడే తీరిపోతుంది. ఆరు నెలలకోసారి కట్టే కారు ఇన్సూరెన్సు, డేకేర్, పిల్లాడికి బ్రేసులు. టికెట్లు ఫిబ్రవరిలో కొంటారనుకుంటే కార్డుకు జనవరి ఆఖరులో దరఖాస్తు చేయండి. మూడు నెలల గడియారం కార్డు చేతికొచ్చిన రోజు నుంచి కాకుండా దరఖాస్తు మంజూరైన రోజు నుంచే తిరగడం మొదలవుతుంది.

లెక్కలోకి రానివి గుర్తుంచుకోండి: కార్డు ఏడాది ఫీజు, క్యాష్ అడ్వాన్సు (కార్డు మీద నగదు తీసుకోవడం), బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ (ఒక కార్డు బాకీని ఇంకో కార్డు మీదికి మార్చడం). కొని వెనక్కిచ్చిన వస్తువు విలువా తీసేస్తారు. షరతుకు అయిదు డాలర్లు దాటి ఖర్చు పెట్టి, తర్వాత వాల్‌మార్ట్‌లో 40 డాలర్ల కుర్చీ తిరిగిచ్చేసి బోనస్ పోగొట్టుకున్నవాళ్ళు మా కాలనీలోనే ఉన్నారు. ఇంటికి డబ్బు పంపే యాప్‌లలో క్రెడిట్ కార్డు వాడటం మరీ ప్రమాదం. దాన్ని క్యాష్ అడ్వాన్సుగా లెక్కగడితే ఫీజు, అదే రోజు నుంచి వడ్డీ, రెండూ పడతాయి. బంగారం కొట్లో కార్డుకు 3 శాతం అదనమంటే 5,000 మీద 150 పోతుంది. ఇల్లు పన్నును కార్డు మీద కట్టొచ్చు గానీ దానికీ 2 శాతానికి అటూఇటూగా రుసుము ఉంటుంది. 600 బోనస్ కోసం 100 రుసుము కట్టడం ఒక్కోసారి సబబే, అలవాటుగా మాత్రం కాదు.

దరఖాస్తుకు ఒక వరస ఉంది. గత 24 నెలల్లో ఏ కంపెనీదైనా సరే అయిదు కార్డులు తీసుకున్నవాళ్ళకు చేస్ కొత్త కార్డు ఇవ్వదు. వాళ్ళెక్కడా అధికారికంగా ప్రకటించకపోయినా దరఖాస్తు చేసేవాళ్ళందరికీ తెలిసిన నియమమే, 5/24 అంటారు. అందుకే చేస్ కార్డులు కావాలనుకుంటే ముందు అవే. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక్కో కార్డు బోనస్‌ను జీవితకాలంలో ఒక్కసారే ఇస్తుంది, కాబట్టి ఆఫర్ బాగా పెద్దది వచ్చేదాకా ఆగాలి. రెండు కార్డుల మధ్య కనీసం మూడు, నాలుగు నెలలు ఎడం పాటిస్తే స్కోరు తేరుకుంటుంది.

కార్డు రాగానే స్టేట్‌మెంట్ మొత్తం ఆటోపే పెట్టండి. "మినిమం" అన్న గడి ముట్టుకోవద్దు. టికెట్ల లాంటి పెద్ద ఖర్చు పడ్డ నెలలో స్టేట్‌మెంట్ రాకముందే చాలావరకు కట్టేస్తే లిమిట్‌లో ఎక్కువ వాడినట్టు రిపోర్టుకు ఎక్కదు. ఏడాది ఫీజున్న కార్డును రెండో ఏడు ఫీజు పడగానే అదే కంపెనీ ఫీజు లేని కార్డుగా మార్చమని అడగండి. చరిత్ర, లిమిట్ అలాగే ఉంటాయి.

ఇంకో మాట. గిఫ్ట్ కార్డులు కొని, వాటితో మనీ ఆర్డర్లు కొని, వాటిని బ్యాంకులో వేసి కార్డు బిల్లు కట్టే ఆట ఒకటుంది. 2013, 2014లో ఒక జంట ఇలా 3,00,000 డాలర్లకు పైగా క్యాష్ బ్యాక్ సంపాదించి, చివరికి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌తో ట్యాక్స్ కోర్టుకెక్కారు. 2021లో తీర్పొచ్చింది. గిఫ్ట్ కార్డుల మీద వచ్చింది రాయితీయే అని చాలావరకు వాళ్ళవైపే చెప్పినా, నేరుగా కొన్న మనీ ఆర్డర్ల మీద, డెబిట్ కార్డు నింపుకున్నదాని మీద వచ్చింది ఆదాయమే అంది కోర్టు. వీసా మీద ఉన్న మనకు ఖాతాలు మూతపడటం, నోటీసులు రావడం అవసరమా?

అయిదో అడుగు: బోనస్ పడిన రోజు

మా ఇంట్లో నియమం: బోనస్ పడినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చిన రోజు రాత్రి పడుకునేలోపు డబ్బు రాత్ ఐఆర్‌ఏలోకి బయలుదేరాలి. రేపు అంటే లేదు. మా ఆయన మొదట్లో నవ్వేవాడు, "300కి ఇంత హడావుడా" అని. ఇప్పుడు తనే గుర్తుచేస్తాడు.

రాత్ ఐఆర్‌ఏ ఎందుకంటే, అందులో వేసేది పన్ను కట్టేసిన డబ్బు. 59½ ఏళ్ళు నిండి, ఖాతా అయిదేళ్ళు దాటాక తీస్తే లాభం మీద కూడా పన్నుండదు. మధ్యలో నిజంగా గడవని రోజొస్తే మీరు వేసిన అసలును ఎప్పుడైనా పన్ను, జరిమానా లేకుండా తీసుకోవచ్చు. ఫిడెలిటీ, ష్వాబ్, వాన్‌గార్డ్ ఎక్కడైనా పావుగంటలో ఖాతా తెరుచుకుంటుంది.

2026కు మనిషికి పరిమితి 7,500 డాలర్లు, 50 దాటినవాళ్ళకు 8,600. ఆ ఏడాది వాటాను మరుసటి ఏప్రిల్ 15 దాకా వేయొచ్చు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య వేస్తుంటే ఏ ఏడాదికో వెబ్‌సైటు అడుగుతుంది, చూసి నొక్కండి. బోనస్ సంపాదన కాదు కదా, వేయొచ్చా అని అడుగుతారు. వేసిన మొత్తానికి తగ్గకుండా మీకు జీతం ఉంటే చాలు, ఆ నోటు ఏ ఖాతాలోంచి వచ్చిందని ఎవరూ చూడరు.

ఇద్దరూ ఐటీలో ఉన్న ఇళ్ళు ఇక్కడ ఆగి చదవండి. 2026లో జాయింట్‌గా రిటర్ను వేసేవాళ్ళ ఆదాయం 2,42,000 దాటితే రాత్ పరిమితి తగ్గడం మొదలై 2,52,000 దగ్గర సున్నా అవుతుంది. ఒంటరివాళ్ళకు ఇది 1,53,000 నుంచి 1,68,000. తెలియక వేసేస్తే ఆ అదనపు మొత్తం అక్కడ ఉన్నన్నాళ్ళూ ఏటా 6 శాతం జరిమానా. ఆదాయం దాటినవాళ్ళు ముందు ట్రెడిషనల్ ఐఆర్‌ఏలో (మామూలుగా వేసేటప్పుడు మినహాయింపు, తీసేటప్పుడు పన్ను ఉండే రకం) పన్ను మినహాయింపు కోరకుండా వేసి, దాన్ని రాత్‌లోకి మార్చుకుంటారు. బ్యాక్‌డోర్ రాత్ అంటారు. రిటర్నులో ఫారం 8606 జతచేయాలి. పాత కంపెనీ 401(కె) డబ్బును మళ్ళించి (రోల్ఓవర్ చేసి) పెట్టుకున్న ట్రెడిషనల్ ఐఆర్‌ఏ ఏదైనా మీ పేరు మీద ఉంటే మార్చుకున్నదాంట్లో కొంత భాగానికి పన్ను పడుతుంది. కాబట్టి ముందు ఆ పాతదాన్ని ఇప్పటి కంపెనీ 401(కె)లోకి చేర్చగలరేమో కనుక్కోండి.

ఇప్పుడు అందరికంటే ఎక్కువమంది చేసే పొరపాటు. డబ్బు ఐఆర్‌ఏలో పడగానే పని అయిపోయిందనుకుంటారు. ఒకమ్మాయి పోయిన సంక్రాంతికి ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు చెప్పావని రెండేళ్ళుగా వేస్తున్నా. మార్కెట్ అంత పెరిగిందంటారు, నాదేంటి ఇంచుమించు అంతే ఉంది?"

"ఏం కొన్నావు?"

"కొనడమేంటి? వేశా కదా."

ఐఆర్‌ఏ అన్నది ఖాళీ గిన్నె. డబ్బు అందులో నగదుగానే కూర్చుంటుంది. మీరు వెళ్ళి ఏదైనా కొనాలి. మార్కెట్‌లోని షేర్లన్నీ కొంచెం కొంచెంగా ఉండే మొత్తం మార్కెట్ ఇండెక్స్ ఫండో, మీరు రిటైరయ్యే ఏడాది పేరుతో ఉండే టార్గెట్ డేట్ ఫండో కొని, తర్వాత వేసినది కూడా దాంట్లోకే ఆటోమేటిగ్గా వెళ్ళేలా పెట్టండి. ఆ అమ్మాయి ఆ రాత్రే కొంది.

ఈ తిప్పలన్నీ ఎందుకు అనుకునేవాళ్ళకు ఫిడెలిటీ వాళ్ళ వీసా కార్డు ఉంది. 2 శాతం క్యాష్ బ్యాక్‌ను నేరుగా మీ ఫిడెలిటీ ఐఆర్‌ఏలో వేయించుకోవచ్చు. నెలకు 2,000 వాడేవాళ్ళకు ఏడాదికి 480. అది మీ పరిమితిలో భాగమే. రాబిన్‌హుడ్ అయితే ఐఆర్‌ఏలో మీరు వేసినదానికి 1 శాతం తను కలుపుతుంది, ఆ కలిపింది పరిమితిలోకి రాదు. డబ్బు అయిదేళ్ళు అక్కడే ఉంచాలన్న షరతు చూసుకోండి.

పన్ను

బ్యాంకు బోనస్ వడ్డీ కిందే లెక్క. జనవరి ఆఖరుకు 1099-ఐఎన్‌టీ అనే వడ్డీ ఫారం వస్తుంది, రాకపోయినా చూపించాల్సిందే. ఖర్చు పెడితే వచ్చిన కార్డు బోనస్ మాత్రం రాయితీ, మామూలుగా పన్నుండదు. ఖర్చుతో పని లేకుండా, స్నేహితుణ్ణి చేర్పించినందుకో మరోదానికో ఇచ్చిన డబ్బైతే ఆదాయమే. చిన్న చిక్కు ఒకటుంది: ఆగస్టులో ఖాతా మూసేస్తే జనవరిలో లాగిన్ పనిచేయదు, ఫారం కాగితంగా పాత అడ్రసుకు వెళ్తుంది. ఇల్లు మారితే మూసిన బ్యాంకులకూ అడ్రసు చెప్పాలి. బోనస్ పడ్డప్పుడే అందులో 22 శాతమో 24 శాతమో పక్కన పెట్టి మిగతాది ఐఆర్‌ఏకి పంపితే ఏప్రిల్‌లో తడుముకోవాల్సిన పనుండదు.

హెచ్4 మీద ఉన్నవాళ్ళకు

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళ భార్య లేదా భర్తగా హెచ్4 వీసా మీద వచ్చినవాళ్ళు, ఉద్యోగం లేదు కాబట్టి నాకేం లేదు అనుకుంటారు. జాయింట్ రిటర్ను వేస్తే, మీ భర్త లేదా భార్య జీతం ఆధారంగా మీ పేరు మీదే ఐఆర్‌ఏ పెట్టుకోవచ్చు, పరిమితి అదే 7,500. 21 ఏళ్ళు దాటినవాళ్ళు కార్డు దరఖాస్తులో తమకు అందుబాటులో ఉండే ఇంటి ఆదాయాన్ని చూపించొచ్చని 2013 నుంచి నిబంధన ఉంది. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఐటిన్ (ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను గుర్తింపు నంబరు) తీసుకునే బ్యాంకును, బ్రోకర్‌ను ముందుగా ఫోన్ చేసి ఎంచుకోవాలి. చెకింగ్ బోనస్‌కు జీతం కావాలి కాబట్టి, జాయింట్ ఖాతా తెరిచి భర్త జీతంలో 500 అటు మళ్ళించొచ్చు. బోనస్ ఎవరి పేరు ముందుంటే వాళ్ళకే లెక్కేసే బ్యాంకులున్నాయి, దరఖాస్తు మీ పేరుతో మొదలుపెట్టండి.

మూసేటప్పుడు, ఇండియా వెళ్ళేటప్పుడు

ఖాతా మూసే ముందు వారం: పేరోల్ పోర్టల్‌లో ఆ ఖాతాను తీసేయండి, తర్వాతి జీతం వేరేచోట పడిందని కళ్ళారా చూడండి, ఆపై బ్యాలెన్సు సున్నా చేసి మూయమని అడగండి. బ్యాలెన్సు సున్నా చేసి వదిలేస్తే నెల ఫీజు పడి మైనస్‌లోకి పోయి, ఆ మైనస్సే చెక్స్‌సిస్టమ్స్‌లో మచ్చవుతుంది. మూసినట్టు మెయిలో ఉత్తరమో తీసుకుని షీటుకు తగిలించండి.

ఎప్పటికైనా వెనక్కి వెళ్ళాలనుకునేవాళ్ళు ఇంకో పని చేయాలి. విదేశీ రిటైర్మెంట్ ఖాతాల్లో ఏటా వచ్చే లాభం మీద వెంటనే పన్ను పడకుండా ఇండియా 2021లో 89ఎ సెక్షన్ తెచ్చింది. అమెరికా ఖాతాలూ ఆ జాబితాలో ఉన్నాయి. అయితే ఆ సెక్షన్ డబ్బు తీసేటప్పుడు పన్ను పడే ఖాతాల కోసం రాసింది. తీసేటప్పుడు అమెరికాలో పన్నే పడని రాత్‌కు అది ఎలా వర్తిస్తుందన్నదాని మీద సీఏల్లోనే ఏకాభిప్రాయం లేదు. టికెట్లు కొనకముందే, రెండు దేశాల రిటర్నులూ చేసే సీఏ దగ్గర ఒక గంట కూర్చోండి. వెళ్ళేటప్పుడు మీ రాత్ స్టేట్‌మెంట్లు, ఇన్నేళ్ళ ఫారం 8606లు ఉంటే అవి, ఏ ఏడు ఎంత వేశారో చెప్పే ఆ షీటూ వెంట తీసుకెళ్ళండి.